వెర్లీన్ చివరి టర్ము

"ఎవరు కట్టమన్నారు నిన్ను?" అని వెర్లీన్ మళ్ళీ అడిగింది.

కూతురు కెండ్రియా వంటింటి గుమ్మంలో బట్టల సంచులు రెండూ భుజాన అలాగే ఉంచుకుని నిలబడింది.

"ఆ సంచులు కింద పెట్టవే, చేతులు పడిపోతాయి," అంది అమ్మమ్మ ఓజెల్లా, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

"పెడితే ఇక్కడే ఉండిపొమ్మంటావు."

"మరెక్కడుంటావ్? మళ్ళీ కార్లోనా?"

పెనం మీద చేప ముక్కలు చిటపటలాడుతున్నాయి. కారు సంగతి ఇంట్లో తెలీదనే అనుకుంది కెండ్రియా. ఫీజు బాకీ ఉందని హాస్టల్ వాళ్లు గది తాళంచెవి తీసుకున్నప్పటి నుంచి ఆమె గిలియడ్ కాలేజీ జిమ్ వెనకాల కారు ఆపుకుని అందులోనే పడుకుంటోంది. పొద్దున్నే జిమ్‌లో స్నానం చేసి, ఏమీ జరగనట్టు క్లాసులో కూర్చుంటోంది. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు రాదు. లెక్కల ప్రొఫెసర్ ఆమె వైపు ఒకసారి చూసి, చూడనట్టే పాఠం మొదలుపెడతాడు.

"నీకెవరు చెప్పారు?" అంది కెండ్రియా.

"కాలేజీ మెస్సులో నా మేనకోడలు వడ్డిస్తుందని మర్చిపోయావా? నువ్వు పళ్ళెం తీసుకోకుండా స్నేహితురాలి పళ్ళెంలో తింటున్నావని చెప్పింది. దానికి అనుమానమొచ్చి మిగతాది కూడా కనుక్కుంది." ఓజెల్లా పెనం దించింది. "నా మనవరాలు ఇంకొకళ్ళ పళ్ళెంలో తినడం ఏమిటి? ఈ ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?"

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో," అంది వెర్లీన్. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన యూనిఫాం ఇంకా విప్పలేదు ఆమె. "నేను దీన్ని ఒక్క మాట అడుగుతున్నాను. చర్చి నీకిచ్చిన డబ్బు నా ఫీజు కింద ఎందుకు కట్టావు?"

ఎప్పుడో ఆగిపోయిన తన చదువు చివరి టర్ము సంగతి అడగడానికి వెళితే, నిన్న మధ్యాహ్నం అదే కాలేజీ ఆఫీసు కిటికీ అవతల ఉన్న అమ్మాయి "మీ ఫీజు కట్టేశారు కదమ్మా, సోమవారం నుంచి క్లాసుకి రండి" అన్నప్పుడు వెర్లీన్ అక్కడే చేతులెత్తి దేవుణ్ణి స్తుతించింది. కిటికీ అవతలి అమ్మాయి కూడా ఆమెన్ అంది. పొద్దున్న కూతురు సంచులతో దిగాక గానీ ఆ దేవుడెవరో తెలియలేదు.

"నీకు ఒక్క టర్మే మిగిలింది," అంది కెండ్రియా. "నాకు రెండు. ఈ డబ్బుతో నాకు క్రిస్మస్ దాకా గడుస్తుంది. ఆ తర్వాత మళ్ళీ ఇదే కిటికీ, ఇదే మాట. నీకు కడితే డిసెంబరుకల్లా పట్టా చేతికొస్తుంది. ఇంట్లో ఒక్కరైనా పూర్తి చేస్తారు."

"లెక్కల టీచర్ని అవుతానన్నావు. నామీదే మొదలుపెట్టావా లెక్కలు?"

"తప్పుంటే చెప్పు."

లెక్కలో తప్పేమీ లేదు. ప్రభుత్వం ఇచ్చేది పోగా మిగిలే ఫీజు ఇద్దరికీ దాదాపు ఒకటే. వెర్లీన్ పేరు మీద కొత్త అప్పు పుట్టదు. ఓజెల్లా పింఛను కరెంటుకీ మందులకీ సరిపోతే అదే పదివేలు. ఇద్దరూ ఒకే ఏడాది పట్టా పుచ్చుకుంటారనీ, తల్లీకూతుళ్లు పక్కపక్కన నడుస్తారనీ ఓజెల్లా మా చర్చిలో మా అందరితో చెప్పుకోని ఆదివారం లేదు.

"లెక్క సంగతి వదిలెయ్," అంది ఓజెల్లా పళ్ళేలు బల్ల మీద పెడుతూ. "అది నీ డబ్బు కాదు, మీ అమ్మ డబ్బు అంతకన్నా కాదు. వేసవంతా చర్చి వాళ్లు ఎండలో నిలబడి చేపలు వేయించి అమ్మిన డబ్బు. సిస్టర్ లావోనియాకి చెయ్యి కాలి బొబ్బలెక్కింది. వాళ్లు నీ పేరు చెప్పి ఇచ్చారు. వాళ్లకేం చెబుతావు?"

"చెప్పకపోతే ఏం?"

"నా ఇంట్లో ఆ మాట ఇంకోసారి అనకు."

"ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు," అంది వెర్లీన్ కుర్చీ వెనక్కి తోసి లేస్తూ. "సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఆ డబ్బు దీని పేరు మీదకి మార్పించేస్తాను."

"నేనడిగాను," అంది కెండ్రియా. "నువ్వు ఈ టర్ము మానేస్తున్నానని సంతకం పెడితేనే మారుస్తారట."

"అయితే పెడతాను."

"పెట్టు. ఆ డబ్బు నేను ముట్టను. ఇద్దరం ఇంట్లోనే కూర్చుందాం."

ఓజెల్లా ఇద్దరి మొహాల్లోకీ చూసి, మొక్కజొన్న రవ్వతో వండిన గ్రిట్స్ గిన్నె మధ్యలో పెట్టి, వాళ్లు కూర్చునేదాకా నిలబడే ఉంది. చివరికి కెండ్రియా సంచులు దించింది. ముగ్గురూ చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నారు. ఎవరూ ఎవరి చేతినీ గట్టిగా పట్టుకోలేదు.

తిండి సగంలో ఉండగా చర్చి పెద్ద డీకన్ టిస్‌డేల్ వచ్చాడు. వెనకతలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, రమ్మనే దాకా ఆగకుండా లోపలికొచ్చే మనిషి. చేతిలో భార్య పంపిన కేకు.

"ఏం సిస్టర్ ఓజెల్లా, వాసన మా వీధి దాకా వచ్చింది. ఓ! కాలేజీ పిల్ల కూడా ఇక్కడే ఉందే!" అన్నాడు. గుమ్మం పక్కన సంచులు చూశాడు. "హాస్టల్లో వాషింగ్ మెషిన్లు పాడయ్యాయా ఏంటమ్మా?"

"ఏదో పాడయిందిలెండి," అంది ఓజెల్లా. "కూర్చోండి. గ్రిట్స్ తింటారా?"

"మా ఆవిడ గుమ్మం దగ్గరే వాసన పట్టేస్తుంది, వద్దు." అంటూనే కుర్చీ లాక్కున్నాడు. "నేనొచ్చింది దీనికోసం. తల్లీ, రేపు కీర్తన అయ్యాక నువ్వు లేచి నాలుగు మాటలు చెప్పాలి. ఎక్కువొద్దు. కాలేజీ, చదువు, దేవుడు చేసిన మేలు. మనవాళ్లకి అదే పండగ. వేసవంతా నూనె వాసనతో తిరిగారు పాపం. నా నల్ల సూటు చూడు, రెండుసార్లు లాండ్రీకిచ్చినా పిల్లి నా వెంటే వస్తోంది."

ఎవరూ నవ్వలేదు. డీకన్ ఒక్కొక్కళ్ళ మొహం చూశాడు.

"అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది డీకన్ గారూ," అంది వెర్లీన్. "కానీ రేపు దీనికి ఒంట్లో..."

"మాట్లాడుతుంది," అంది ఓజెల్లా మధ్యలో. "రేపు లేచి మాట్లాడుతుంది. ఏం చెప్పాలో దానికి తెలుసు."

డీకన్ వెళ్లాక వెర్లీన్ తల్లి వైపు తిరిగింది. "నలుగురిలో దాన్ని నిలబెడతావా అమ్మా?"

"నలుగురి డబ్బు తీసుకున్నప్పుడు నలుగురిలో నిలబడాలి. నిన్నూ అలాగే పెంచాను. నువ్వు వినలేదు, అది వేరే సంగతి."

ఇరవై రెండేళ్ల కిందటి ఆ సంగతి ఈ ఇంట్లో ఎప్పుడూ అంతవరకే వస్తుంది. వెర్లీన్ పళ్ళెం తీసుకుని సింకు దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం కాస్త గాలి తిరిగింది. ఓజెల్లా లోపల మర్నాటికి తెల్ల డ్రెస్సు ఇస్త్రీ చేసుకుంటోంది. మా చర్చిలో గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లని వరసల్లో కూర్చోబెట్టే పని ముప్పై ఏళ్లుగా ఆమెదే. రేడియోలో పాట పెద్దగా పెట్టుకుంది. వెనక వసారాలో కెండ్రియా చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వెర్లీన్ వచ్చి పక్కన కూర్చుని తనూ ఓ గుప్పెడు ఒళ్ళో వేసుకుంది.

ఇద్దరూ కాయలు విరుస్తూ పోయారు.

"కార్లో భయం వెయ్యలేదా?" అంది వెర్లీన్.

"మొదట్లో వేసింది. కాపలా అతను మిస్టర్ ఓడమ్ రెండుసార్లు కిటికీ మీద కొట్టాడు, పొమ్మంటాడేమో అనుకున్నా. దుప్పటి ఇచ్చి వెళ్లాడు. నేనొక్కదాన్నే కాదంట. ఆ వరసలో ఇంకో మూడు కార్లున్నాయి."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే నువ్వు మానేసేదానివి."

వెర్లీన్ ఔనన్నట్టు తలూపింది.

"ఒకసారి నాకోసం మానేశావు," అంది కెండ్రియా. కాయ మీంచి చూపు ఎత్తలేదు. "నేను కడుపున పడ్డాననే కదా చివరి టర్ములో కాలేజీ వదిలేశావు? చిన్నప్పుడు నేను అల్లరి చేస్తే లావోనియా ఆంటీ ఏమనేదో తెలుసా? 'మీ అమ్మ నీకోసం ఏం వదులుకుందో గుర్తుంచుకో' అనేది. అప్పటి నుంచీ గుర్తుంచుకుంటూనే ఉన్నా. ప్రతి పరీక్షకీ, ప్రతి మార్కుకీ. నీది నీకు తిరిగి ఇచ్చేశాను, అంతే. ఇందులో మంచితనం ఏమీ లేదు."

వెర్లీన్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"నేను నీకోసం మానలేదు," అంది.

"అమ్మా, ఇప్పుడు నన్ను ఓదార్చక్కర్లేదు."

"ఓదార్చడం కాదు. విను. జనవరిలో నా ఫీజు తక్కువ పడింది. నన్నూ హాస్టల్లోంచి పంపేశారు, నిన్ను పంపినట్టే. అప్పటికి నువ్వున్నావన్న సంగతే నాకు తెలీదు. నెల తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో కడుపుతో క్లాసుకొచ్చి చదువు పూర్తి చేసిన వాళ్లున్నారు, నా బ్యాచిలోనే ఒకమ్మాయి ఉంది. నేనూ చేసేదాన్ని. డబ్బు లేక ఆగిపోయాను కెండ్రియా. నీవల్ల కాదు."

"మరి అందరూ..."

"అందరికీ నేనే చెప్పాను. మీ అమ్మమ్మ ఊరంతా చెప్పుకుంది, మా వంశంలో మొదటి పట్టా అని. ఫీజు కట్టలేక గెంటేశారని ఆవిడకి ఎలా చెప్పను? కడుపొచ్చిందంటే తిడతారు. డబ్బు లేదంటే జాలిపడతారు. నాకు తిట్లే నయమనిపించింది."

కెండ్రియా లేచి నిలబడింది. ఒళ్ళోని గింజలు వసారా అంతా దొర్లాయి. ఇద్దరూ వాటిని ఏరలేదు.

"నేను పుట్టకముందే నామీద వేశావన్నమాట."

"అప్పుడు నువ్వు మనిషివని అనుకోలేదు. ఒక కారణానివి, అంతే. నువ్వు పుట్టాక, నువ్వు పెద్దయ్యాక చెప్పాలనుకున్నా. ఎప్పుడు చెప్పబోయినా ఆలస్యమైపోయిందనిపించేది. ఇంకా ఆలస్యమయ్యేది."

"అమ్మమ్మకి తెలుసా?"

వెర్లీన్ తల అడ్డంగా ఊపింది.

కెండ్రియా అరవలేదు. అరిస్తే బాగుండుననుకుంది వెర్లీన్. "రేపు చర్చిలో నేనేం చెప్పాలి?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా కెండ్రియా మెట్లు దిగి, కంచె దాకా నడిచి, అక్కడే వీపు ఇటు పెట్టి చీకటి పడేదాకా నిలబడింది.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. కాలేజీ పిల్ల మాట్లాడుతుందని డీకన్ మా అందరికీ చెప్పాడు. ఓజెల్లా తెల్ల డ్రెస్సు, తెల్ల గ్లవ్స్ వేసుకుని, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని గుమ్మం దగ్గర నిటారుగా నిలబడి ఉంది. వెర్లీన్ నాలుగో వరసలో కూర్చుంది. రాత్రి నుంచి కూతురు ఆమెతో మాట్లాడలేదు.

కీర్తన అయ్యాక పాస్టర్ గారు పిలిచారు. కెండ్రియా ముందుకొచ్చి మైకు పట్టుకుంది.

"అందరికీ నమస్కారం. వేసవంతా మీరు నాకోసం ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. సిస్టర్ లావోనియా చెయ్యి కాల్చుకున్నారు."

"పర్వాలేదమ్మా, మానిపోయింది!" అంది లావోనియా తన చోటు నుంచే. అందరం నవ్వాం.

"ఆ డబ్బు నేను నా ఫీజుకి కట్టుకోలేదు."

నవ్వు ఆగింది. విసనకర్రలు కూడా ఆగాయి.

"మా అమ్మ ఫీజుకి కట్టాను. తనకి ఒక్క టర్మే మిగిలింది. మిమ్మల్ని అడక్కుండా చేశాను, అది తప్పే. మీరు ఇవ్వమంటే ఎప్పటికైనా తిరిగి ఇస్తాను. ఎందుకు కట్టానంటే, నాకోసం మా అమ్మ చదువు..." అక్కడిదాకా వచ్చి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది. "నాకోసం..."

"చెప్పు తల్లీ, చెప్పు," అని ముందు వరసలో ముసలివాళ్లు మెల్లగా అన్నారు.

వెర్లీన్ లేచి నిలబడింది. మైకు లేకపోయినా అందరికీ వినిపించింది.

"దాన్ని ఆ అబద్ధం చెప్పనివ్వను. అది నా అబద్ధం. ఆ ఏడు నేను బిడ్డ కోసం కాలేజీ మానలేదు. ఫీజు కట్టలేకపోయాను, పంపేశారు. సిగ్గుపడి బిడ్డ పేరు చెప్పాను. మీరంతా నన్ను ఒక మాట అన్నారు, పడ్డాను. కానీ మీరు దాన్నీ అన్నారు. అది పడాల్సింది కాదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. లావోనియా తల దించుకుంది. గుమ్మం దగ్గర చిన్న చప్పుడైతే మేమంతా వెనక్కి తిరిగాం. ఓజెల్లా గ్లవ్స్ విప్పి, మడిచి, పక్కనున్న బల్ల మీద పెట్టింది. ఆరాధన మధ్యలో ఆమె తన చోటు వదలడం ఎవరమూ ఎప్పుడూ చూడలేదు. తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

కెండ్రియా మైకు పాస్టర్ గారి చేతికిచ్చి వెనకే పరిగెత్తింది.

ఓజెల్లా చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. తెల్ల డ్రెస్సుకి దుమ్మంటుతుందని కూడా చూసుకోలేదు.

"రెండేళ్లు," అంది మనవరాలి వైపు చూడకుండా. "మీ అమ్మని గుమ్మం తొక్కనివ్వలేదు. నువ్వు మాంట్‌గామరీ ఊళ్లో ఎవరింట్లోనో పుట్టావు. నిన్ను మొదటిసారి చూసేసరికి నడుస్తున్నావు. నన్ను చూసి ఏడ్చి ఆ ఇంటివాళ్ల కాళ్ల వెనక దాక్కున్నావు. తప్పు చేసిందని కోపం పెట్టుకున్నాను. ఫీజు కట్టలేక ఆగిందని తెలిస్తే పెట్టుకునేదాన్నా?"

తలుపు చప్పుడైంది. వెర్లీన్ వచ్చి వెనక మెట్టు మీద నిలబడింది.

"ఎంత తక్కువైంది అప్పుడు?" అంది ఓజెల్లా.

"పదకొండు వందల డాలర్లు."

"నా దగ్గరుండేది. ఆ ఏడు నా దగ్గర అంతకన్నా ఎక్కువే ఉండేది. ఎందుకడగలేదు?"

"ఉందని నాకు తెలుసమ్మా. దేనికి దాచావో కూడా తెలుసు. నాన్న సమాధికి రాయి."

ఓజెల్లా రోడ్డు వైపు చూసింది. రోడ్డవతల ఎవరో కారు స్టార్ట్ చేసి వెళ్లిపోయారు.

"ఆయన లేచొచ్చి రాయి చూసుకున్నాడా?" అంది ఓజెల్లా. "బతికున్న పిల్లని వదిలేసి, పోయినాయనకి రాయి వేయించాను. అది కూడా నిన్ను రానివ్వకుండా."

వెర్లీన్ మెట్టు దిగి తల్లి పక్కన కూర్చుంది. మరీ దగ్గరగా కాదు. ఓజెల్లా జరగలేదు. పొమ్మనీ అనలేదు. కాసేపటికి ఉత్త చేతిని కూతురి మోకాలి మీద వేసింది, ఏదో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు.

"రేపు ఆఫీసుకి నేనూ వస్తాను," అంది. "కట్టడానికి నా దగ్గరేం లేదు. నిన్ను ఏ కిటికీ దగ్గర నిలబెట్టి పంపేశారో ఒకసారి చూడాలి. ఆ తర్వాత ఎవరు క్లాసుకెళ్తారో మీరే తేల్చుకోండి. చర్చి వాళ్లేమంటారో నేను చూసుకుంటాను. లావోనియా అయితే ఏమీ అనదు."

లోపల ఎవరో పియానో మీద ఒక స్వరం వాయించి ఆపారు. పాడాలో వద్దో వాళ్లకీ తెలియలేదు కాబోలు.

వెర్లీన్ కూతురి వైపు తిరిగింది. నిన్న సాయంత్రం నుంచి కెండ్రియా ఆమె కళ్ళలోకి చూడటం ఇదే మొదలు.

"నువ్వు నాకేదో బాకీ ఉన్నావనుకుని ఇచ్చావు," అంది వెర్లీన్ నెమ్మదిగా. "బాకీ లేదు. ఎప్పుడూ లేదు. నీకు బాకీ ఉన్నది నేనే. రేపు పొద్దున్న ఆ సంతకం పెట్టమంటే పెట్టేస్తాను, నీ గదికి నువ్వు వెళ్లిపోవచ్చు. నిజం తెలిశాక అడుగుతున్నాను. ఇప్పటికీ ఆ టర్ము నాకే ఇస్తావా?"

ఓజెల్లా కూడా తలెత్తి మనవరాలి వైపు చూసింది.

ఇస్తానని చెప్పడానికి కెండ్రియా నోరు తెరిచింది. బాకీ అనుకున్నన్నాళ్లూ ఆ మాట ఎంత సులువుగా వచ్చేదో, ఇప్పుడు అంత సులువుగా రాలేదు.